బాధ తగ్గినా బెంగ ఎందుకు పోదు? బ్రేకప్ తర్వాత మనసులో జరిగేది

క్లుప్తంగా: బ్రేకప్ తర్వాత వచ్చే బాధ, బెంగ, పశ్చాత్తాపం మూడూ ఒకేసారి మీద పడతాయి కానీ అవి పుట్టే చోటు వేరు, తగ్గే వేగం వేరు. బాధ చాలామందిలో వారాల్లో, నెలల్లో దిగుతుంది. బెంగకి ఏళ్ళు పట్టొచ్చు. పశ్చాత్తాపం రోజుల్ని బట్టి కాదు, జరిగినదాన్ని ఎలా లెక్కేస్తామన్నదాన్ని బట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఎక్కువమంది ఇరుక్కునేది "ఇంకా గుర్తొస్తున్నారంటే విడిపోవడం తప్పేనేమో" అనే దగ్గర.

బ్రేకప్ నుంచి కోలుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుందని ఆన్‌లైన్‌లో వెతికితే ఒకదానికొకటి పొంతన లేని జవాబులు వస్తాయి. 11 వారాలని ఒకరు. కలిసున్న కాలంలో సగం అని ఇంకొకరు. 2025లో ఒక అధ్యయనం వచ్చాక ఎనిమిదేళ్ళని హెడ్డింగులు పెట్టినవాళ్ళూ ఉన్నారు. నిన్నగాక మొన్న విడిపోయిన మనిషి ఇవన్నీ వరసపెట్టి చదివితే ఉన్న టెన్షన్‌కి ఇంకొంచెం తోడవుతుంది తప్ప ఒరిగేదేమీ లేదు.

మూడూ ఒకటి కావు

తిరకాసు ఎక్కడుందంటే, ఈ అంకెలన్నీ ఒకేదాన్ని కొలిచినవి కావు. 11 వారాల మాట 2007లో విద్యార్థుల మీద చేసిన ఓ అధ్యయనం నుంచి జనంలోకి పాకింది; అందులో చూసింది విడిపోయాక మనుషుల్లో వచ్చిన మంచి మార్పుల్ని. "కలిసున్న కాలంలో సగం" అనేది నోటిమాటగా తిరిగే లెక్క, అంతే. ఎనిమిదేళ్ళ హెడ్డింగు వెనక ఉన్నది ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన జియా చాంగ్, క్రిస్ ఫ్రేలీల పని. కనీసం రెండేళ్ళు సాగి ముగిసిన బంధాలున్న 328 మందిని తీసుకుని వాళ్ళు చూసింది ఇంకా ఏడుస్తున్నారా లేదా అని కాదు, పాత మనిషితో లోపల ముడిపడిన అనుబంధం ఇంకా ఎంత మిగిలి ఉందని. అది సగానికి తగ్గడానికే సగటున 4.18 ఏళ్ళు పడుతుందని తేలింది. అంటే నాలుగేళ్ళు దుఃఖంలో మునిగి ఉంటారని కాదు. నవ్వుతూ, ఉద్యోగం చేసుకుంటూ, కొత్తగా ఎవరినో ఇష్టపడుతూ ఉన్న మనిషిలో కూడా పాత ముడి ఇంకా పూర్తిగా విడిపోయి ఉండకపోవచ్చు.

ఈ తేడాకి తెలుగులో మాటలు ముందునుంచీ ఉన్నాయి. బాధ వేరు, బెంగ వేరు. అమ్మ ఊరెళితే చిన్నపిల్లాడు బెంగ పెట్టుకుంటాడు. పొద్దంతా ఆడుకుంటాడు, నవ్వుతాడు, అడిగితే బాగానే ఉన్నానంటాడు. చీకటి పడేసరికి గుమ్మం వైపు చూడటం మొదలుపెడతాడు. వాడికి నొప్పి లేదు, వెతుకులాట ఉంది. బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ తల్లికి దూరమైన పిల్లల గురించి రాసిన వరస కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది: మొదట మారాం, తర్వాత నిరాశ, ఆ తర్వాత ముభావం. పెద్దవాళ్ళ ప్రేమలోనూ ఇదే యంత్రాంగం పనిచేస్తుందని 1980ల తర్వాత వచ్చిన పరిశోధన చాలావరకు ఒప్పుకుంటోంది.

పశ్చాత్తాపం ఈ రెండింటిలోనూ చేరదు. అది తీర్పు. "అలా చెయ్యకుండా ఉండాల్సింది" అనాలంటే జరిగినదాన్ని, జరగనిదాన్ని పక్కపక్కన పెట్టి పోల్చాలి. బెంగకి ఆలోచనతో పనే లేదు. ఒక వాసన, ఒక రింగ్‌టోన్ చాలు. బెంగ వచ్చిన ప్రతిసారీ దాన్ని సాక్ష్యంగా తీసుకుని తీర్పు చెప్పుకోవడం మొదలుపెడితే మాత్రం రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

బెంగ ఎక్కణ్ణుంచి వస్తుంది

2010లో హెలెన్ ఫిషర్, లూసీ బ్రౌన్, ఆర్థర్ ఆరన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. ఎదుటివాళ్ళు వదిలేసినా ఇంకా ప్రేమలోనే ఉన్న 15 మందిని ఎమ్మారై స్కానర్‌లో పడుకోబెట్టి, మాజీ భాగస్వామి ఫోటో చూపించి మెదడులో ఏం జరుగుతోందో చూశారు. మెలకువగా ఉన్న సమయంలో 85 శాతానికి పైగా ఆ మనిషి గురించే ఆలోచిస్తున్నామని చెప్పిన మనుషులు వీళ్ళు. ఫోటో చూడగానే వాళ్ళ మెదడులో చురుకైనవి ఏదైనా కావాలని వెంటపడేటప్పుడు పనిచేసే భాగాలు. కొకైన్ అలవాటున్నవాళ్ళకి యావ పుట్టినప్పుడు కనిపించే ప్రాంతాల్లో కొన్ని వాటిలో ఉన్నాయి. కొట్టొచ్చినట్టున్న విషయం ఒకటుంది. బంధం తెగిపోయిందని వాళ్ళకి తెలుసు, అయినా మెదడు "పోయింది" అన్న లెక్కలో లేదు, "తెచ్చుకోవాలి" అన్న లెక్కలో ఉంది. అదే పనిలో ఇంకోటి కూడా తేలింది: విడిపోయి ఎక్కువ రోజులైనవాళ్ళలో అనుబంధానికి సంబంధించిన ఒక ప్రాంతంలో చురుకు తక్కువగా ఉంది.

దీన్ని పట్టుకుని "ప్రేమ కూడా డ్రగ్గే" అని పోస్టర్లు వేసుకున్నవాళ్ళు చాలామంది. 15 మంది మీద చేసిన పనికి అంత బరువు మొయ్యమనడం అన్యాయం. పైగా ఆ ప్రాంతాలు ఆకలికీ, డబ్బు గెలిచినప్పుడూ కూడా పనిచేస్తాయి. ఇలాంటిదే ఇంకో ప్రచారం, గుండె పగలడమూ చెయ్యి కాలడమూ మెదడుకి ఒకటేనని. 2011లో ఈథన్ క్రాస్ బృందం 40 మందితో చేసిన ప్రయోగంలో ఒంటి నొప్పికీ మనసు నొప్పికీ కొన్ని ప్రాంతాలు కలిసిన మాట నిజమే. కానీ 2014లో ఇంకాస్త లోతుగా చూసినప్పుడు ఆ ప్రాంతాల లోపల రెండు నొప్పుల అల్లిక వేరువేరుగా ఉందని బయటపడింది. ఈ రెండో కబురు మొదటిదాని అంత దూరం వెళ్ళలేదు.

మెదడు బొమ్మల సంగతి అలా ఉంచితే, బెంగకి ఇంకో మామూలు కారణం ఉంది. చాలాకాలం కలిసున్న ఇద్దరు ఒకరి ఒంటి లయని ఒకరు పట్టుకుని ఉంటారని 2008లో డేవిడ్ స్బారా, సిండీ హేజన్ వివరించారు. నిద్రపోయే వేళ, తినే వేళ, కంగారు పడినప్పుడు ఎవరి గొంతు వింటే నెమ్మదిస్తామన్నది, ఇవన్నీ ఇద్దరి మధ్య సర్దుకుని ఉంటాయి. ఒకరు తప్పుకోగానే రెండోవాళ్ళ నిద్ర చెదురుతుంది, ఆకలి మారుతుంది, చిన్న విషయానికే గుండె దడదడలాడుతుంది. అందుకే విడిపోదామని తనంతట తానే చెప్పిన మనిషికి కూడా మూడో రోజు రాత్రి నిద్ర పట్టదు. నిద్ర పట్టకపోవడానికి ప్రేమ ఇంకా ఉందా లేదా అన్నదానితో పెద్దగా పని లేదు, రెండేళ్ళుగా పడుకునే ముందు వచ్చే ఆ ఒక్క మెసేజ్ రాలేదు, అంతే.

బెంగ అన్ని బంధాల తర్వాతా ఒకే మోతాదులో ఉండదు. సాఫీగా సాగిన బంధం కన్నా, ఒకరోజు నెత్తిన పెట్టుకుని ఇంకోరోజు మాట్లాడకుండా వదిలేసిన బంధమే ఎక్కువ వెంటాడటం చాలామందికి అనుభవం. వినడానికి వింతగా ఉంటుంది గానీ దీని వెనక యంత్రాంగం పాతదే. ప్రతిసారీ దొరికే బహుమతి ఆగిపోతే ప్రాణి త్వరగా మానేస్తుంది, ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి ఆగిపోతే చాలాసేపు మీట నొక్కుతూనే ఉంటుందని అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలు, ఎలుకల ప్రయోగాల్లో చూపించాడు. 1993లో డోనల్డ్ డటన్, సూసన్ పెయింటర్ హింసాత్మక బంధాల నుంచి బయటపడిన 75 మంది మహిళల్ని పరిశీలించినప్పుడు, దెబ్బలూ ప్రేమా మార్చి మార్చి చూసినవాళ్ళలో బయటికొచ్చాక కూడా ఆ మనిషి మీద లాగుడు గట్టిగా ఉంది. బెంగ ఎంత ఉందన్నది ఆ బంధం ఎంత మంచిదో చెప్పే కొలత కాదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

"తప్పు చేశానేమో" అనే లెక్క

పశ్చాత్తాపం విషయానికొస్తే, అందులో ప్రేమ వ్యవహారాలదే పెద్ద వాటా. 2011లో మైక్ మారిసన్, నీల్ రోజ్ అమెరికాలో 370 మందిని జీవితంలో బాగా బాధపెట్టే ఒక పశ్చాత్తాపం చెప్పమంటే అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చినవి ప్రేమకి, చేజారిన బంధాలకి సంబంధించినవే.

విడిపోదామన్నది ఎదుటివాళ్ళయితే పశ్చాత్తాపం ఒక రకంగా ఉంటుంది: "ఆ రోజు ఆ మాట అనకుండా ఉంటే", "ఇంకాస్త టైమ్ ఇచ్చి ఉంటే". తానే చెప్పినవాళ్ళది ఇంకా చిక్కు. సమంతా జోయెల్ బృందం 2018లో ప్రచురించిన పనిలో, జనం చెప్పిన మాటల్ని గుదిగుచ్చితే బంధంలో ఉండిపోవడానికి 27 రకాల కారణాలు, వదిలెయ్యడానికి 23 రకాల కారణాలు తేలాయి. విడిపోదామా అని ఆలోచిస్తున్నవాళ్ళలో చాలామందికి రెండు పళ్ళాలూ ఒకేసారి బరువుగా ఉన్నాయి. ఇక్కడ ఒక తమాషా ఉంది, దాని మీద కొంచెం ఆగాలి. వదిలెయ్యగానే వదిలెయ్యడానికున్న కారణాలన్నీ తీరిపోతాయి. రోజూ గొడవలు అన్న కారణం, గొడవపడే మనిషే లేరు కాబట్టి, మాయమవుతుంది. అనుమానం పోతుంది, అరుపులు పోతాయి. కానీ ఉండిపోవడానికున్న కారణాలు అలా మాయం కావు, ఒక్కొక్కటీ లోటుగా మారుతుంది: నవ్వించే మనిషి లేరు, ఒంట్లో బాగోకపోతే అడిగేవాళ్ళు లేరు. రెండు నెలల తర్వాత తిరిగి చూసుకుంటే త్రాసులో ఒక పళ్ళెం ఖాళీగా, ఇంకోటి నిండుగా కనిపిస్తుంది. నిర్ణయం తీసుకున్న రోజు త్రాసు అలా లేదు.

జ్ఞాపకం కూడా ఆ నిండు పళ్ళెం వైపే మొగ్గుతుంది. చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అనలేదు. టెరెన్స్ మిచెల్, లీ థాంప్సన్ 1990లలో దీన్ని కొలిచారు: సెలవు ప్రయాణాలకి వెళ్ళినవాళ్ళని ప్రయాణానికి ముందు, మధ్యలో, తర్వాత అడిగితే, ప్రయాణంలో ఉండగా పడిన చిరాకులు తర్వాతి జ్ఞాపకంలో బాగా పలచబడ్డాయి. చెడు జ్ఞాపకంలోని ఘాటు మంచి జ్ఞాపకంలోని తీపి కన్నా త్వరగా దిగిపోతుందని తర్వాతి పరిశోధనలూ చెబుతున్నాయి. మామూలు జీవితంలో ఇది మేలు చేసే గుణమే. బ్రేకప్ తర్వాత మాత్రం అది లెక్కల పుస్తకంలో ఖర్చుల పేజీలు చింపేస్తుంది.

ఇంకోటి, థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ 1990ల మధ్యలో చూపించినది. దగ్గరి కాలంలో చేసిన పనుల మీద "అయ్యో" ఎక్కువ, దూరం వెళ్ళేకొద్దీ చెయ్యని పనుల మీద ఎక్కువ. అన్న మాటకి క్షమాపణ చెప్పొచ్చు, లేదా కోపంలో అన్నానని సర్దిచెప్పుకోవచ్చు. అనని మాటకి అంతు ఉండదు. అది ఎంత బాగా పనిచేసి ఉండేదో ఊహించుకోవడానికి ఎవరూ అడ్డు రారు.

అందుకే పశ్చాత్తాపాన్ని "వదిలెయ్" అని సర్దిచెప్పడం కన్నా దాన్ని విప్పి చూడటం పనికొస్తుంది. అందులో ఇవాళ తెలిసినదాన్ని అప్పటి నెత్తిన రుద్దిన భాగం ఎంత? ఫలితం తెలిశాక అది ముందే తెలిసినట్టు అనిపించడం మనిషి గుణం, 1975లో బరూచ్ ఫిషాఫ్ ప్రయోగాలు చూపించింది అదే. ఎదుటి మనిషి చెయ్యాల్సిన పని కూడా తన ఖాతాలో రాసుకున్నది ఎంత? ఇవి తీసేశాక మిగిలేది కూడా కొంత ఉంటుంది, ఉండొచ్చు. అబద్ధం చెప్పి ఉంటే చెప్పినట్టే. దానికి ఒక్కసారి సూటిగా క్షమాపణ చెప్పడంలో తప్పు లేదు, కాకపోతే ఆ మెసేజ్ నిజంగా క్షమాపణేనా, తలుపు తట్టడానికి సాకా అన్నది తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు: జవాబు ఎప్పటికీ రాదని ముందే తెలిసినా పంపుతారా?

రాత్రి 11:40

ఒక మామూలు రాత్రిని తీసుకుంటే సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. లైటు ఆర్పారు, నిద్ర రావట్లేదు. బొటనవేలు దానంతటదే ఫోన్‌లో వెతుకు గడిలోకి (సెర్చ్ బాక్స్) పోతుంది. మొదటి అక్షరం కొట్టగానే ఆ పేరు అన్నిటికన్నా పైన వస్తుంది, ఎందుకంటే నిన్నా మొన్నా వెతికింది అదే. ప్రొఫైల్ ఫోటో మారింది. ఎవరు తీశారు? ఫోటో అంచున ఎవరిదో మోచెయ్యి. రెండు వేళ్ళతో పెద్దది చేస్తే మోచెయ్యి మసకబారుతుంది తప్ప మనిషి కనబడరు. కింద ఒక కామెంట్, కామెంట్ పెట్టిన కొత్త పేరు, ఆ పేరు నొక్కితే ఇంకో ప్రొఫైల్, అందులో మూడు నెలల కిందటి గ్రూప్ ఫోటో. మూడు నెలల కిందట అంటే ఇంకా కలిసే ఉన్నారు కదా? టైమ్ 12:25. ఏమీ తెలియలేదు, కానీ రేపు మళ్ళీ చూడటానికి సరిపడా అనుమానం దొరికింది.

ఎప్పుడో ఒకసారి ఏదో దొరుకుతుంది, ఎప్పుడన్నది తెలియదు. స్కిన్నర్ పావురం నొక్కిన మీట ఇదే. 2012లో టారా మార్షల్ 464 మందిని అడిగి చూస్తే, ఫేస్‌బుక్‌లో మాజీని ఎక్కువగా గమనించేవాళ్ళలో బాధ, చేదు, తపన ఎక్కువగా, ముందుకు సాగిన భావన తక్కువగా ఉన్నాయి. చూడటం వల్ల బాధ పెరిగిందా, బాధ ఎక్కువున్నవాళ్ళే ఎక్కువ చూస్తారా అన్నది ఇలాంటి సర్వే తేల్చలేదు; బహుశా రెండూ. కానీ స్బారా, రాబర్ట్ ఎమరీ 2005లో ప్రచురించిన డైరీ అధ్యయనం రోజురోజుకీ కొలిచింది. 58 మంది యువతీయువకులు 28 రోజులు తమ మనఃస్థితిని రాసుకున్నారు. మాజీతో టచ్‌లో ఉన్నవాళ్ళలో ప్రేమ, దిగులు రెండూ మిగతావాళ్ళలో కన్నా నెమ్మదిగా తగ్గాయి.

మాజీతో మాటలు, చూపులు పూర్తిగా ఆపెయ్యమనే "నో కాంటాక్ట్" సలహాకి ఉన్న బలం ఇదే. ఎదుటివాళ్ళని ఏడిపించి వెనక్కి రప్పించే ఎత్తుగడగా దాన్ని అమ్మేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాట నమ్మి రోజులు లెక్కపెడుతూ కూర్చుంటే అది నో కాంటాక్ట్ కాదు, ఎదురుచూపులు. బ్లాక్ చెయ్యడం మరీ పెద్ద మాటలా అనిపిస్తే మ్యూట్ చెయ్యొచ్చు, పాత చాట్‌ని ఆర్కైవ్‌లో పడెయ్యొచ్చు, వెతుకు గడిలో పాత పేర్లు చెరిపెయ్యొచ్చు (చిన్న పనే, కానీ మొదటి అక్షరానికే ఆ పేరు పైకి రాకపోతే బొటనవేలు ఒక్క క్షణం ఆగుతుంది), "ఇదే రోజు మూడేళ్ళ కిందట" అంటూ ఫోన్ తనంతట తాను తెచ్చిపెట్టే ఫోటోల్లోంచి ఆ మనిషిని, ఆ తేదీల్ని తీసెయ్యొచ్చు. పిల్లలున్నవాళ్ళకి, ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్ళకి పూర్తిగా దూరం కుదరదు. అక్కడ మాటలు ఆపడం కాదు, విషయం దాటకుండా చూసుకోవడం కావాలి: ఎన్నింటికి, ఎక్కడ, ఎవరు తీసుకెళ్తారు. "ఎలా ఉన్నావు" అని అడిగితే "బాగున్నా" అని వచ్చే ఒక్క ముక్కని సాయంత్రం దాకా తిప్పి తిప్పి చదివే పని అప్పుడు ఉండదు.

మర్చిపోవాలని కూర్చుంటే

1987లో డేనియల్ వెగ్నర్ జనాన్ని ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి తప్ప ఏదైనా ఆలోచించమన్నాడు, అది గుర్తొచ్చినప్పుడల్లా గంట కొట్టమన్నాడు. నిమిషానికి ఒకటి కన్నా ఎక్కువసార్లు గంట మోగింది. ఆ తర్వాత ఇక ఆలోచించుకోవచ్చు అన్నప్పుడు, ముందు అణచుకున్నవాళ్ళకి అది ఇంకా ఎక్కువగా గుర్తొచ్చింది. ఒక ఆలోచన రాకుండా కాపలా కాయాలంటే అది వచ్చిందా లేదా అని మనసు మాటిమాటికీ చూసుకోవాలి కదా.

మరి ఏం చెయ్యాలి? సాండ్రా లాంగెస్లాగ్, మిషెల్ సాంచెజ్ 2018లో ప్రచురించిన చిన్న ప్రయోగం (24 మంది) మూడు దారుల్ని పోల్చింది. మాజీలోని లోపాల్ని తలుచుకోవడం ఒకటి. ఇంకా ప్రేమ ఉండటం తప్పేమీ కాదని ఒప్పుకోవడం రెండు. సంబంధం లేని వేరే సంగతుల మీదకి మనసు మళ్ళించడం మూడు. లోపాలు తలుచుకుంటే ప్రేమ తగ్గింది, కానీ మనసు ఇంకా పాడైంది. వేరేవి ఆలోచిస్తే మనసు తేలికపడింది, ప్రేమ మాత్రం అలాగే ఉంది. ఫోటో చూసినప్పుడు మెదడు చూపించే పట్టింపు మాత్రం మూడింటితోనూ కొంత తగ్గింది. ఏ మందు పనిచేస్తుందన్నది ఏ జబ్బుకి అన్నదాన్ని బట్టే ఉంటుందని దీని నుంచి తీసుకోవచ్చు. పొద్దున ఆఫీసులో మీటింగ్ ఉంటే మనసు మళ్ళించుకోవడమే మేలు. అర్ధరాత్రి మెసేజ్ టైప్ చేసి పంపబోతుంటే మాత్రం ఆ చింపేసిన ఖర్చుల పేజీలు కావాలి, ఎందుకు విడిపోయారో అప్పట్లో రాసిపెట్టుకున్న నాలుగు ముక్కలు ఉంటే పనికొచ్చేది అప్పుడే. రోజంతా అవే చదువుకుంటూ కూర్చుంటే మిగిలేది చేదు.

చెప్పుకుంటే పోతుందా, రాసుకుంటే పోతుందా

మనసులో ఉన్నదంతా కాగితం మీద పెట్టేస్తే తేలికవుతుందనే సలహా అందరూ ఇస్తారు. 2013లో స్బారా బృందం కొత్తగా విడాకులు, ఎడబాటు చూసిన 90 మందితో దీన్ని పరీక్షించింది. కొందరిని లోతైన భావాలు రాయమన్నారు, కొందరిని ఊరికే రోజులో చేసిన పనులు రాయమన్నారు. "ఇదంతా ఎందుకు జరిగింది" అని అప్పటికే తవ్వుకుంటున్నవాళ్ళకి భావాలు రాయడం వల్ల మేలు జరగలేదు సరికదా, నెలల తర్వాత చూస్తే పనుల జాబితా రాసినవాళ్ళకన్నా వాళ్ళ పరిస్థితి దిగువన ఉంది. తవ్వేవాడి చేతికి ఇంకో పార ఇచ్చినట్టయింది.

అలాగని మాట్లాడటం దండగ అనుకోనక్కర్లేదు. గ్రేస్ లార్సన్, స్బారా 2015లో చూసినదాంట్లో, తొమ్మిది వారాల పాటు పరిశోధకుల దగ్గరకి మళ్ళీ మళ్ళీ వచ్చి ప్రశ్నలకి జవాబులిచ్చి, తమ బ్రేకప్ గురించి మాట్లాడినవాళ్ళు, మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి మాత్రమే వచ్చినవాళ్ళ కన్నా బాగా కోలుకున్నారు. కారణంగా కనిపించింది "నేనంటే ఎవరు" అన్నదానిలో వచ్చిన స్పష్టత. బంధంలో "నేను" కొంత "మేము"గా మారుతుంది, తెగాక ఆ భాగం ఏమైందో అర్థం కాక మసకబారుతుంది. కొలతల కోసం అడిగిన పొడి ప్రశ్నలే, ఎవరూ ఓదార్చలేదు, అయినా పనిచేసింది.

తేడా అంతా ఎక్కడ నిలబడి చెబుతున్నామన్న దాంట్లో ఉన్నట్టుంది. అదే సీన్‌లోకి మళ్ళీ దూరి, అదే గొడవని అదే మాటలతో ఆడుకుంటే అది తవ్వకం. కాస్త వెనక్కి జరిగి పక్కవాడి కథలా చూస్తే వేడి తగ్గుతుందని క్రాస్, ఓజ్లెమ్ ఐడుక్ చేసిన వరస ప్రయోగాలు చెబుతున్నాయి. ఇక ఆ కథలో ఏం రాసుకున్నామన్నదీ ముఖ్యమే. లారెన్ హోవ్, కేరల్ డ్వెక్ 2016లో గమనించినది: మనిషి గుణం మారదని నమ్మేవాళ్ళు బ్రేకప్‌ని తమలోని లోపానికి రుజువుగా తీసుకుంటారు, అలాంటివాళ్ళని అది ఏళ్ళ తరబడి వెంటాడుతుంది. "మా ఇద్దరికీ కుదరలేదు" అన్న వాక్యానికీ "నాతో ఎవరికీ కుదరదు" అన్న వాక్యానికీ మధ్య దూరం చాలా ఉంది.

క్లోజర్ అనే మాట ఇక్కడే వస్తుంది. ఒక్క చివరి మాట మాట్లాడితే అంతా తేలిపోతుందని చాలామంది నమ్ముతారు. విడిపోవడానికి కారణం చెప్పకుండా మాయమైన మనిషి విషయంలో ఆ ఆరాటం అర్థం చేసుకోదగ్గదే; మనిషి ఉన్నారో పోయారో తేలని నష్టం మామూలు నష్టం కన్నా ఎక్కువ తినేస్తుందని పౌలీన్ బాస్ 1970ల నుంచీ రాస్తూ వచ్చింది. కానీ ఆ చివరి మాట ఎదుటివాళ్ళ చేతిలో ఉంది. వాళ్ళకే కారణం సరిగ్గా తెలియకపోవచ్చు. తెలిసినా చెప్పకపోవచ్చు. చెబితే ఆ జవాబులోంచి ఇంకో పది ప్రశ్నలు పుట్టొచ్చు.

ప్యాచప్, రీబౌండ్

విడిపోయి మళ్ళీ కలవడం అరుదేమీ కాదు. సారా హాల్పెర్న్-మీకిన్ బృందం 2013లో అమెరికా యువతలో చూస్తే, గత రెండేళ్ళలో ప్రేమబంధంలో ఉన్నవాళ్ళలో సగానికి దగ్గరగా ఒకసారైనా విడిపోయి మళ్ళీ కలిసినవాళ్ళే. ఇలా కలుస్తూ విడిపోతూ ఉండే జంటల్లో సంతృప్తి తక్కువ, గొడవలు ఎక్కువ అని రెనే డేలీ ఏళ్ళ తరబడి చేసిన పని చెబుతోంది. కలవకూడదని కాదు. బెంగ తట్టుకోలేక కలిస్తే బెంగ మొదటి వారంలోనే తీరిపోతుంది, విడిపోవడానికున్న కారణాలు మాత్రం ఆ 23 లోంచి ఒక్కొక్కటీ తిరిగొస్తాయి. ఏది మారిందో ఇద్దరూ వేలు పెట్టి చూపించగలిగితే అది వేరే సంగతి.

కొత్త మనిషి విషయంలో మాత్రం పాత సలహా కొంచెం అతిగానే ఉంది. రీబౌండ్ (బ్రేకప్ అయిన కొద్దికాలానికే మొదలయ్యే కొత్త బంధం) అంటే మోసమే, తొందరపాటే అనుకుంటారు గానీ, దొరికిన ఆధారాలు అంత కఠినంగా లేవు. ముఖ్యంగా వదిలేస్తారేమోనన్న భయం ఎక్కువుండే మనుషులకి, కొత్తగా ఎవరో దొరుకుతారన్న ఆశ పాత ముడిని వదులు చేస్తుందని స్టెఫనీ స్పీల్‌మన్ బృందం 2009లో చూపించింది. అదే స్పీల్‌మన్ 2013లో చూపించిన రెండో వైపు కూడా ఉంది: ఇప్పటి బంధం బాగోలేకపోతే పాత మనిషి మీద మనసు మళ్ళీ పెరుగుతుంది. పెళ్ళై పదేళ్ళయినవాళ్ళకి ఉన్నట్టుండి కాలేజీ రోజుల మనిషి గుర్తొస్తే, ఆ గుర్తులో ఇవాళ్టి ఇంటి సంగతే ఎక్కువ ఉండొచ్చు.

ఎప్పుడు తేలిగ్గా తీసుకోకూడదు

ఇంతవరకు చెప్పినది మామూలుగా వచ్చి మామూలుగా తగ్గే దాని గురించి. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి కుదుటపడకపోతే, పని చెయ్యడం కుదరకపోతే, దేని మీదా ఆసక్తి లేకపోతే అది డిప్రెషన్ కావొచ్చు, డాక్టర్‌కి చూపించాలి. చనిపోవాలనిపించడం, తనని తాను గాయపరచుకోవాలనిపించడం, ఎదుటి మనిషిని వెంటాడాలనిపించడం, వీటిలో ఏదున్నా రెండు వారాలు ఆగే పని లేదు, ఆ రోజే ఎవరో ఒకరికి చెప్పాలి.

మిగతావాళ్ళ విషయానికొస్తే, ముందు వేసుకునే అంచనా కన్నా వాస్తవం కొంచెం దయగానే ఉంటుంది. పాల్ ఈస్ట్‌విక్ బృందం 2008లో ఒక పని చేసింది. ప్రేమలో ఉన్న విద్యార్థుల్ని, ఇది తెగిపోతే ఎంత బాధపడతారని ముందే అడిగి రాసిపెట్టుకున్నారు. తర్వాతి నెలల్లో వాళ్ళలో కొందరికి నిజంగానే తెగిపోయింది. కొలిచి చూస్తే బాధ వాళ్ళు చెప్పుకున్నంత లేదు, ఎంత గాఢంగా ప్రేమలో ఉంటే అంచనా అంత ఎక్కువగా తప్పింది. తగ్గుతూ పోయే తీరును మాత్రం వాళ్ళు దాదాపు సరిగ్గానే ఊహించారు.